నల్లబొమ్మ

ఒక్కొక్కటి అర్ధడాలరు వెలగల నాలుగు బొమ్మలు. న్యూయార్కు నగరమున హార్లెము పేటలోని 125వ వీధియందలి దుకాణమున కొన్నవి. నాలుగింటికిని అచ్చు ఒక్కటే. రెంటికి మేను తెలుపు, జుట్టు పసుపు. తక్కిన రెంటికి మేను గోధుమవన్నె, జుట్టు నలుపు. కెన్నెత్ క్లార్కు, ఆయన భార్య మేమీ క్లార్కు ఈ బొమ్మలను బల్లమీద బెట్టి, మూడు మొదలు ఏడేండ్ల వయస్సుగల నల్లజాతి బిడ్డలను ఒక్కొక్కరినే పిలిచి ప్రశ్నలు వేసిరి. నీ వాడుకొనుటకు ఏ బొమ్మ కావలెను? మంచి బొమ్మ యేది? చెడ్డదిగా కనబడున దేది? తుదకు, నీవలె నున్న బొమ్మ యేది?

ఇట్లు ప్రశ్నింపబడిన బిడ్డలు 253 మంది. అందు 134 మంది దక్షిణమున ఆర్కన్సా రాష్ట్రమువారు, 119 మంది ఉత్తరమున మసాచుసెట్సు రాష్ట్రములోని స్ప్రింగుఫీల్డువారు. ఫలితములు 1947లో ప్రకటింపబడినవి. ఆడుకొనుటకు నూటికి 67 మంది తెల్లబొమ్మనే కోరిరి. చెడ్డదిగా కనబడున దేది యనగా నూటికి 59 మంది గోధుమవన్నె బొమ్మను చూపిరి. నీవలె నున్న దేది యనినప్పుడు నూటికి 66 మంది ఆ బొమ్మనే చూపవలసివచ్చెను. ఈ కడపటి ప్రశ్నకు ప్రత్యుత్తర మీయలేక కన్నీరు పెట్టుకొని గదివిడిచి పోయిన పసివారును కలరు.

ఈ పరీక్షలో బాలురును బాలికలును గలరు. అయినను దీనికి బీజము వేసినది ఒక యువతి. మేమీ 1917లో ఆర్కన్సా రాష్ట్రమునందలి హాట్ స్ప్రింగ్సులో పుట్టి, ఆ జాతిభేదముల నడుమనే పెరిగెను. బడిలో నింకను చేరని నల్లజాతి శిశువులకు ‘నేను’ అను భావము ఎట్లు కలుగును, అందులో రంగు ఎప్పుడు ప్రవేశించును అను విషయముపై హవర్డు విశ్వవిద్యాలయమున 1939లో ఆమె వ్రాసిన వ్యాసమే తరువాతి పరిశోధనల కెల్ల మూలము. భర్త పేరు లోకమున ఎక్కువగా వినబడినది. అది మనకు క్రొత్త గాదు.

మూడేండ్ల బిడ్డకు ఈ పాఠము చెప్పిన దెవరు? తల్లి చెప్పలేదు, తండ్రి చెప్పలేదు. అమెరికా సంగతి యటుండనిండు. మన యిండ్లలో పురిటిగది వాకిట నిలిచిన అమ్మలక్కలు బిడ్డ క్షేమమును అడిగిన వెనువెంటనే రంగు ఎట్లున్నదని అడుగుదురు. నలుపని చెప్పుటకు నోరాడక చామనచాయ యందురు. నల్లపిల్ల యని కొందరు ముద్దుగనే పిలుతురు. ఆ ముద్దుతోనే పాఠము మొదలగును. పెండ్లిచూపులనాటికి అది కంఠస్థమైయుండును.

అమెరికాలో ఈ పాఠమునకు ఎదురుపాఠము చెప్పుటకై పూనుకొన్నవారి చరిత్ర మీ బొమ్మలకంటె నూరేండ్లు పాతది. కనెక్టికటు రాష్ట్రములోని కాంటర్బరీ గ్రామమున ప్రూడెన్సు క్రాండాలు అను తెల్లజాతి యువతి 1831లో బాలికల పాఠశాల నొకటి స్థాపించెను. ఊరి పెద్దలు మెచ్చుకొనిరి, తమ కుమార్తెలను పంపిరి. కొంతకాలమునకు సారా హారిసు అను ఇరువదేండ్ల నల్లజాతి యువతి వచ్చి, తనవారి పిల్లలకు చదువు చెప్పగలిగినంత చదువు తనకు నేర్పుమని వేడెను. క్రాండాలు ఆమెను చేర్చుకొనెను. తెల్లవారు తమ బిడ్డలను మానిపింతు మనిరి. మానిపించుకొండని క్రాండాలు పాఠశాలనే మూసివేసి, 1833 ఏప్రిలు 1వ తేదీన ‘రంగుగల’ బాలికలకు మాత్రమే దానిని మరల తెరచెను. ఆమె ప్రకటనలో వాడిన మాట యదియే. నేటికిని ఆ దేశమున తెల్లవారు గాని బాలికలను గూర్చి చెప్పునపుడు అట్టి మాటయే వినబడుచున్నది.

ఆ తరువాత జరిగినది తెలుగు పల్లెలను ఎరిగినవారికి వివరింప బనిలేదు. అంగళ్లవారు సరుకు లమ్మమనిరి. బడి బావిలో పేడ వేసిరి. ఇరుగుపొరుగువారు చుక్క నీరీయకున్నందున క్రాండాలు తండ్రి తన పొలమునుండి నీరు తెచ్చి పోసెను. పరరాష్ట్రపు నల్లజాతివారికి ఊరివారి యనుమతి లేక విద్య గరపుట నేరమని మే నెలలో రాష్ట్ర శాసనసభ చట్టము చేసెను. ఆ వార్త వచ్చిననాడు గ్రామమున గంటలు మ్రోగించిరి, ఫిరంగి పేల్చిరి. క్రాండాలు ఒక రాత్రి చెరసాలలో గడపెను. విచారణలు సాగెను, శిక్ష పడెను, 1834 జులైలో పై న్యాయస్థానము ఒక సాంకేతిక దోషము చూపి దానిని కొట్టివేసెను. సెప్టెంబరు 9వ తేదీ రాత్రి దుండగులు దుడ్డుకఱ్ఱలతో వచ్చి కిటికీ లన్నియు పగులగొట్టగా, పిల్లల ప్రాణములకు భయపడి ఆమె బడి మూసివేసెను.

చరిత్రకారులు క్రాండాలు ధైర్యమును కొనియాడుట న్యాయమే. నాకు మాత్రము ఆ యిరువదిమందికి పైబడిన బాలికలే ఎక్కువగా జ్ఞప్తికి వచ్చుచుందురు. వీధిలో నడచినచో కేకలు, రాళ్లు. దాహమునకు నీరు లేదు. ఇట్లు పదునేడు నెలలు కూర్చుండి భూగోళమును వ్యాకరణమును చదివిరి. ఇంటికి పోవుట వారి కెంత సులభము! వారు పోలేదు. సారా హారిసు ఆ సంవత్సరమే వివాహమాడి, తన తొలిచూలు బిడ్డకు ప్రూడెన్సు క్రాండాలు అని పేరు పెట్టుకొనెను. రాష్ట్రము 1838లో ఆ చట్టమును రద్దు చేసెను. 1886లో, ముదుసలియైన క్రాండాలునకు ఏటికి 400 డాలర్ల భరణ మిచ్చి తప్పు దిద్దుకొనెను.

బానిసత్వము 1865లో తొలగినది. రంగును గూర్చిన తలపు తొలగలేదు. అది నల్లజాతివారి యిండ్లలోనికిని చొచ్చుకొని, వారిలోనే తేటరంగువారు, ముదురురంగువారు అను తారతమ్యమును బెట్టినది. దీనిని బహిరంగముగ ఎత్తిచూపినవారిలో నానీ హెలెన్ బరోసు ముఖ్యురాలు. వాషింగ్టనులో చదివి ఉపాధ్యాయిని యగుదు ననుకొన్న యామెకు అచ్చటి పాఠశాలలలో ఉద్యోగము దొరకలేదు. ఆమె 1904లో ఒక మాసపత్రికయందు వ్యాసము వ్రాసి, ముఖమునకు తెల్లదనపు పూతలు పూసుకొను స్త్రీలను, గుణము విడిచి రంగు చూచి పెండ్లియాడు పురుషులను నిర్మొగమాటముగ మందలించెను. ఆ వ్యాసములో ఊరిపేర్లు మార్చినచో మన పత్రికలో నేడు అచ్చు వేయవచ్చును. మన దేశమున 1975లో బజారుకెక్కిన తెల్లదనపు లేపన మొకటి 2020లో గాని తన పేరిలోని ‘తెలుపు’ను వదలుకొనలేదు; డబ్బాలోని సరుకు మాత్ర మమ్ముడగుచునే యున్నది.

బరోసు వ్యాసముతో నూరకుండక 1909 అక్టోబరులో వాషింగ్టను నగరపు శివారున స్త్రీలకును బాలికలకును శిక్షణశాల తెరచెను. బైబిలు, స్నానము, చీపురు అను మూడును దానికి గుఱుతులు. చాకిరిచేయు స్త్రీలకు చీపురు నేర్పుట యేమి గౌరవ మని అప్పుడే కొందరు నవ్విరి. చదువరులలో కొందరు నిప్పుడును నవ్వవచ్చును. కాని నానాడు నల్లజాతి స్త్రీలలో చాలమందికి పరుల యిండ్లలో పనియే జీవనాధారము. ఆ పనిని దాసీతనముగ గాక విద్యగా నేర్చి, కూలి బేరమాడగలవారినిగ వారిని చేయవలెనని ఆమె తలపు. వంట, ఉతుకుపనితోపాటు అచ్చుపనియు నేర్పిరి. అన్నింటికంటె ముఖ్యమైన దొకటి: తమ జాతి చరిత్రము చదువనిదే ఏ బాలికకును పట్టా లేదు. పెట్టుబడిలో పెద్దభాగము నల్లజాతి స్త్రీలు చర్చిలలో నిచ్చిన చిల్లరడబ్బులే. దొరల విరాళముల కాసించినచో వారి మాట వినవలసివచ్చు నని బరోసు ఎరుగును.

మేరీ మెక్లౌడు బెతూను చరిత్రము మరికొంత ప్రసిద్ధము. దక్షిణ కరొలినాలో 1875లో, మొన్నటివరకు బానిసలైన దంపతుల పదునేడుగురు బిడ్డలలో పదునేనవదిగ పుట్టెను. తల్లివెంట నొక దొరల యింటికి పోయి, అచ్చటి పిల్లల గదిలో పుస్తకమును చేతబట్టగా, నీకు చదువురాదు, క్రింద పెట్టుమని ఆ యింటి బాలిక యనెను. ఈ సంగతిని బెతూను తన జీవితమంతయు చెప్పుచుండెను. చదివి ఆఫ్రికాకు మతబోధకురాలిగ పోవలెనని కోరగా, నల్లవారి కచ్చట ఉద్యోగము లేదని సంఘమువారు తిరస్కరించిరి! ఆఫ్రికాలో నల్లవారికి తావు లేదను ఈ మాటకు వ్యాఖ్యాన మేమి చేయుదుము?

ఆమె 1904 అక్టోబరు 3వ తేదీన ఫ్లారిడాలోని డేటోనాలో, చేతిలో నొకటిన్నర డాలరుతో, ఐదుగురు బాలికలతోను తన కుమారునితోను పాఠశాల తెరచెను. సరకుల పెట్టెలే బల్లలు. కాలిన కఱ్ఱముక్కలే పెన్సిళ్లు. ఒకజాతి పండ్లరసమే సిరా. చిలగడదుంపల పిండివంటలు చేసి, రైలుమార్గము వేయు కూలీలకు అమ్మి బడి నడపెను. రోగగ్రస్తయైన విద్యార్థిని నొకతెను తెల్లవారి వైద్యశాలలో వెనుకవరండాలో పడుకొనబెట్టిరని తెలిసి, తానే యొక చిన్న వైద్యశాలను కట్టించెను. స్త్రీలకు ఓటు వచ్చిన క్రొత్తలో ముసుగులవారు గుంపుగట్టి భయపెట్టుటకు బడియావరణమునకు రాగా, లోపలి బాలికలు భక్తిగీతము పాడుచు నిలిచిరని చెప్పుదురు. బెతూను మేనిరంగు మిక్కిలి నలుపు. దానిని ఆమె దాచుకొనలేదు, గర్వముతో చెప్పుకొనెను. కుర్చీలో నిటారుగ గూర్చుండిన ఆ నల్లని స్త్రీని ప్రతిదినము కన్నులార చూచుట ఆ బాలికలకు ఏ పాఠ్యపుస్తకమునకును తీసిపోని చదువు. ఆ బడియే క్రమముగ విశ్వవిద్యాలయ మైనది. ఆమె పాలరాతి ప్రతిమ 2022లో ఫ్లారిడా రాష్ట్రము పక్షమున అమెరికా శాసనసభా భవనమున ప్రతిష్ఠింపబడినది.

ఇదే కాలమున బొమ్మల సంగతియు పెద్దలకు తట్టకపోలేదు. అంగళ్లలో నల్లబొమ్మ యనగా పెద్దపెదవుల వెక్కిరింపు బొమ్మయే. నాష్విలు నగరమున ఆర్. హెచ్. బాయిడు అను మతాచార్యుడు 1911లో నల్లజాతి బిడ్డలకై గౌరవముగల బొమ్మల కంపెనీని పెట్టెను. డుబాయిసు, జెస్సీ ఫాసెట్టు మొదలగువారు 1920, 1921 సంవత్సరములలో పిల్లలకై యొక మాసపత్రిక నడపిరి. తమవంటి ముఖములు, తమవారి సాహసములు అందు అచ్చుపడుట చూచి పిల్లలు ఉత్తరములు వ్రాసిరి. ఇరువదినాలుగు సంచికలతో డబ్బు చాలక ఆగిపోయెను. పత్రికలు నడపినవారికి ఈ బాధ తెలియును.

ఇక 1951. వర్జీనియాలోని ఫార్మువిలు పట్టణమున నల్లజాతి పిల్లల ఉన్నతపాఠశాల చాలక, తారుకాగితము కప్పిన పాకలు వేసి వాటిలో చదువు చెప్పుచుండిరి. వాన కురిసినపుడు పిల్లలు గొడుగులు పట్టుకొని పాఠములు వినిరి. బార్బరా జాన్సు అను 16 ఏండ్ల బాలిక, పెద్దల కర్జీలు పెట్టి పెట్టి విసిగి, కొందరు నెచ్చెలులతో రహస్యముగ నాలోచించెను. ఏప్రిలు 23వ తేదీన ప్రధానోపాధ్యాయునికి దొంగ టెలిఫోను చేయించి బయటికి పంపి, విద్యార్థులను సభామందిరమునకు రప్పించి, ఉపాధ్యాయులను వెలుపలికి పొమ్మని కోరి, తాను వేదిక యెక్కెను. సుమారు 450 మంది ఆ దినము ఆమె వెంట బడి విడిచి నడచిరి. ఆమెకు హాని కలుగునను భయమున ఇంటివారు ఆమెను అలబామాలోని తండ్రి సోదరుని కడకు పంపిరి. ఈ బాలిక తరువాత ఏ పదవియు కోరక గ్రంథాలయోద్యోగినిగ జీవించి 1991లో మరణించెను.

ఫార్మువిలు వ్యాజ్యము, దక్షిణ కరొలినాలోని క్లారెండను జిల్లా వ్యాజ్యము మొదలగు ఐదును కలిపి అత్యున్నత న్యాయస్థానము విచారించెను. క్లారెండను వ్యాజ్యము కొరకు కెన్నెత్ క్లార్కు తన బొమ్మలను తీసికొనిపోయి అచ్చటి పిల్లలు 16 మందిని ప్రశ్నింపగా, పదిమంది తెల్లబొమ్మను కోరిరి, పదునొకండుమంది నల్లబొమ్మను చెడ్డదనిరి. న్యాయస్థానము 1954 మే 17వ తేదీన, పిల్లలను రంగుచే వేరుపరచుట వారి హృదయములలో తాము తక్కువవార మను భావమును నాటునని, వేరుబడులు చట్టవిరుద్ధములని తీర్పు చెప్పెను. తీర్పు క్రింది సూచికలో క్లార్కు పరిశోధన పేర్కొనబడినది.

తీర్పు గొప్పది. కాని దానివెంట వచ్చిన నష్టమును దాచరాదు. బడులు కలిపినప్పుడు మూసివేయబడినవి సాధారణముగ నల్లవారి బడులే. వేలకొలది నల్లజాతి ఉపాధ్యాయినులు, ఉపాధ్యాయులు ఉద్యోగములు పోగొట్టుకొనిరి. తన రంగుగల పంతులమ్మను ఎన్నడును చూడక చదువు ముగించిన బాలిక లెందరో! మరియొక విశేషము. క్లార్కుల లెక్కలలోనే, తెల్లవారితో కలసి చదివిన ఉత్తరపు బిడ్డలలో తెల్లబొమ్మపై మోజు, వేరుబడులలోని దక్షిణపు బిడ్డలకంటె తక్కువగ లేదు, కొంత ఎక్కువగనే యుండెను. దక్షిణపు బిడ్డలు సుఖముగ నుండిరని దీని యర్థము గాదు. బల్లలు కలిపినంతమాత్రమున అద్దము మారదని మాత్రము నాకు తోచుచున్నది. మేమీ క్లార్కు ఈ సంగతి ముందే యెరిగినట్లున్నది. ఆమె 1946లో తండ్రి కడ అప్పు దెచ్చి హార్లెములో నెలకొల్పిన శిశుచికిత్సాకేంద్రమున, న్యాయస్థానముల గోల లేక, ఒక్కొక్క బిడ్డను కూర్చుండబెట్టుకొని మాటలాడుచు మూడు దశాబ్దములకు పైగ గడపెను.

న్యూయార్కున 2005లో కిరి డేవిసు అను ఉన్నతపాఠశాల విద్యార్థిని చిన్న చలనచిత్రమును తీసెను. తోడి బాలికలచే రంగును గూర్చి, జుట్టును గూర్చి, తల్లుల మాటలను గూర్చి చెప్పించి, నడుమ క్లార్కుల పరీక్షను తానే మరల జరిపెను. హార్లెములోని 21 మంది పసివారిలో 15 మంది తెల్లబొమ్మను కోరిరి. అందొక చిన్నపిల్ల. మంచి బొమ్మ యేది యనగా తెల్లబొమ్మను చూపెను. చెడ్డ బొమ్మ యేది యనగా నల్లబొమ్మను చూపెను. నీవలె నున్న బొమ్మ నిమ్మనగా, చేయి ముందు తెల్లబొమ్మపైకి పోయి, అచ్చట క్షణకాల మాగి, పిమ్మట నల్లబొమ్మను మెల్లగ ముందునకు త్రోసెను.