మాయవరం మునసబు వేదనాయకం పిళ్ళై

సైన్యం అనగానే జనానికి తుపాకి, ట్యాంకు, సరిహద్దు గుర్తుకొస్తాయి. ఆఫీసులో కూర్చుని కాగితం రాసేవాడు గుర్తుకు రాడు. కానీ జవానుకు పెళ్ళయినా, బిడ్డ పుట్టినా ఆ సంగతి పార్ట్ టూ ఆర్డరులో ఎక్కకపోతే, రేపు ఆ కుటుంబం పెన్షను కోసం ఎన్ని తిప్పలు పడాలో మనందరికీ తెలుసు. నేను క్లర్కుగా చేరి సుబేదారుగా రిటైర్ అయినవాణ్ణి. అందుకే ఈ సంచికలో ఒక ఆఫీసు మనిషిని స్మరించుకోవాలనిపించింది. ఆయన సైనికుడు కాదు, తెలుగువాడూ కాదు. వెల్లింగ్టన్‌లో నాతోపాటు పనిచేసిన తమిళ హవల్దారు ఒకాయన చెప్పగా ఆయన పేరు మొదటిసారి విన్నాను.

ఆయన శామ్యూల్ వేదనాయకం పిళ్ళై. 1826లో తిరుచిరాపల్లి దగ్గర కుళత్తూరులో కతోలిక కుటుంబంలో పుట్టారు. కోర్టులో అనువాదకుడుగా ఉన్న త్యాగరాజ పిళ్ళై దగ్గర ఇంగ్లీషు, తమిళం నేర్చుకున్నారు. తిరుచిరాపల్లి కోర్టులోనే మొదట రికార్డు కీపరుగా చేరారు. తర్వాత అనువాదకుడయ్యారు. ఆ పైన జిల్లా మునసబుగా, అంటే సివిల్ దావాలు తీర్చే జడ్జిగా ఎదిగారు. ఎక్కువ కాలం పనిచేసింది మాయవరంలో. నేటి మయిలాడుతురై అదే. బీరువాలో ఫైళ్ళు సర్దే కుర్చీ నుంచి తీర్పు చెప్పే కుర్చీదాకా వెళ్ళారన్నమాట.

ఆ రోజుల్లో పై కోర్టుల తీర్పులన్నీ ఇంగ్లీషులో ఉండేవి. భూమి పోయిన రైతుకు ఎందుకు పోయిందో తెలిసేది కాదు. మద్రాసు హైకోర్టు 1862లో ఏర్పడింది. అంతకుముందు పై కోర్టు సదర్ అదాలత్. 1805 నుంచి 1861 వరకు ఆ కోర్టు ఇచ్చిన తీర్పుల సారాన్ని పిళ్ళై తమిళంలోకి తెచ్చి అచ్చు వేయించారు. యాభై ఆరేళ్ళ తీర్పులు! టైపు మిషను కూడా లేని కాలంలో, పగలు కచేరీ పని చూసుకుంటూ చేసిన పని. ఆఫీసులో చెయ్యి తిరిగినవాళ్ళకే అందులోని కష్టం అర్థమవుతుంది. నా దృష్టిలో ఆయన చేసినవాటిలో పెద్దది ఇదే.

ఇంత పనిలోనూ ఆయన కలం ఆగలేదు. 1859లో ‘నీతి నూల్’ అనే పద్యగ్రంథం వెలువరించారు. ఆడపిల్లల చదువు కోసం గట్టిగా రాశారు. 1879లో వచ్చిన ఆయన ‘ప్రతాప ముదలియార్ చరిత్రం’ తమిళంలో మొదటి నవల. తమిళ జడ్జి ముందు తమిళ వకీలు ఇంగ్లీషులో వాదించడాన్ని అందులో ఎద్దేవా చేశారు. మన కందుకూరి వీరేశలింగం పంతులు గారి ‘రాజశేఖర చరిత్రము’ 1880లో పుస్తకంగా వచ్చింది. ఇద్దరూ దాదాపు ఒకే సమయంలో ఒకే దారి తొక్కారు.

ఆయన చర్చిని నమ్ముకున్న మనిషి. దేవమాత మీద పద్యాలు రాశారు. అయినా ‘సర్వ సమయ సమరస కీర్తనై’ అనే పేరుతో ఏ మతంవాడైనా పాడుకోదగిన కీర్తనలు కూడా రాశారు. కచేరీలలో వాటిని ఇప్పటికీ పాడుతున్నారు. తిరువావడుతురై శైవ మఠాధిపతితో స్నేహం. మహాపండితుడు మీనాక్షిసుందరం పిళ్ళై ఈయన మీద ‘కుళత్తూరు కోవై’ కావ్యమే చెప్పారు. మన పల్టన్లలో మందిరం, మసీదు, గురుద్వారా, చర్చి అన్నిటికీ కలిపి సర్వధర్మ స్థలం ఉంటుంది కదా. ఆ మాట మనకు కొత్త కాదు.

1876-78 కరువును మన రాయలసీమ పెద్దలు ధాత కరువని చెప్పుకునేవారు. అదే కరువు తమిళ దేశాన్నీ పీడించింది. అప్పటికి పిళ్ళై ఉద్యోగంలో లేరు. అయినా సొంత సొమ్ముతో గంజి పోయించారు. అది చూసి ‘నందనార్ చరిత్రం’ రాసిన గోపాలకృష్ణ భారతి ఆయన మీద కీర్తన కట్టారు. పిళ్ళై 1889లో కన్నుమూశారు.

ఇప్పుడు మన సంగతి. ఈమధ్య మా మండలంలో ఒక వీరనారి పెన్షను కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. అంతా ఇంగ్లీషు. నెలల తరబడి దాన్ని పెట్టెలో దాచుకుంది. అందులో అడిగిందల్లా జీవన ప్రమాణ పత్రం. అరగంట పని. ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పేవాళ్ళు లేక డబ్బు ఆగింది. స్పర్శ్ పద్ధతి వచ్చాక అంతా కంప్యూటరులోనే కదా అంటాం. తెరమీద ఉన్నది చదవడం రానివాళ్ళకు పాత చిక్కు అలాగే ఉంది.

మన సంఘంలో రిటైరైన క్లర్కులు చాలామంది ఉన్నారు. వారానికి ఒక పూట కూర్చుని, ఊళ్ళోని మాజీ సైనికుల కుటుంబాలకు వాళ్ళ కాగితాలు తెలుగులో చదివి చెబితే చాలు. యాభై ఆరేళ్ళ తీర్పులు తిరగరాయమని మనల్ని ఎవరూ అడగడం లేదు. జై హింద్.