దొంగ మాట, దొరికిన సొత్తు

ఉప్పలు, నాచారములలో ఇంటికి కన్నము వేసిన దొంగ పోలీసులయెదుట నేరమొప్పుకొన్నను, ఆ ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. సొత్తు దాచిన చోటు చెప్పగా అది అచట దొరికినచో, ఆ మాటవరకే చెల్లును. 1872 నాటి సాక్ష్యచట్టములో 27వ సెక్షను ఇది. ఆ చట్టము 1951లో హైదరాబాదు రాష్ట్రమునకు వర్తించినది. 2024 నుండి అమలైన కొత్త చట్టమున 23వ సెక్షనులో నున్నది.

దీని హద్దు తేల్చినది తెలుగునాటి హత్యకేసే: గుంటూరు సెషన్సు కోర్టునుండి లండను ప్రీవీ కౌన్సిలు కెక్కి 1946లో ముగిసిన పులుకూరి కోటయ్య ప్రభృతుల అప్పీలు. "కత్తి దాచితిని" అన్నది చెల్లును. "దానితో పొడిచితిని" అన్నది చెల్లదు. చాదస్తమనిపించును గాని, లాఠీకి పుట్టిన ఒప్పుకోలునకు అడ్డు ఇదియేయని మేము తలతుము.

కావున దొరికిన నగ తనదేయని ఇల్లాలు గుర్తింపవలెను. పంచనామా సాక్షి మాట మార్చెనా, కేసు నిలుచుట కష్టము. నగను మాత్రము విచారణ ముగియకముందే మేజిస్ట్రేటు పూచీకత్తుపై ఇప్పింపవచ్చును.