బడి తలుపు తట్టిన బాలికలు

అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ ఒక సుప్రీంకోర్టు ఉన్నది. రాష్ట్ర చట్టాల విషయంలో దానిదే తుది మాట. 1850లో రాష్ట్రమైన కాలిఫోర్నియాలో ఆ న్యాయస్థానం పదే పదే తీర్చవలసి వచ్చిన తగవులలో ఒకటి బడి ప్రవేశం.

దాని తొలినాళ్ళ చరిత్ర గర్వించదగినది కాదు. చైనీయుని హత్య చేసిన జార్జి హాల్ అను శ్వేతజాతీయునికి పడిన శిక్షను 1854లో ఆ న్యాయస్థానమే కొట్టివేసినది. శ్వేతజాతీయులకు వ్యతిరేకంగా 'ఇండియన్లు' సాక్ష్యం చెప్పరాదని నాటి చట్టం. కొలంబస్ తాను ఆసియా తీరం చేరితినని తలచెను గనుక చైనీయులు కూడా ఆ మాటలోనే చేరుదురని ప్రధాన న్యాయమూర్తి మర్రే వాదన. నావికుని పొరపాటు మూడున్నర శతాబ్దాల తరువాత న్యాయసూత్రమైనది! నీగ్రో బాలలకు వేరు బడులు ఉండవచ్చునని 1874లో మరొక తీర్పు వచ్చినది.

1884లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మేమీ టేప్ అను ఎనిమిదేండ్ల బాలికను తల్లిదండ్రులు ఇంటి సమీపంలోని బడికి తీసుకొనిపోయిరి. చైనీయ సంతతి అను కారణంతో ప్రధానోపాధ్యాయిని చేర్చుకొనలేదు. చేర్చుకొనినచో ఉద్యోగం పోవునని విద్యామండలి తీర్మానించినది. తల్లిదండ్రులు వ్యాజ్యం వేసిరి. బడులు బాలలందరికీ తెరచి ఉండవలెనను 1880 నాటి చట్టాన్ని ఆధారం చేసుకొని, మేమీని చేర్చుకొనవలసినదేనని 1885 మార్చిలో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. తీర్పు బాలిక పక్షమే. బడి మాత్రం దక్కలేదు. శాసనసభ హుటాహుటిన చట్టం మార్చి, చైనీయులకు వేరు బడులకు అనుమతినిచ్చినది. మేమీ చివరకు ఆ వేరు బడిలోనే చదివినది. శాసనం మారినంతనే తీర్పు నిష్ఫలమగుట ఆ తల్లిదండ్రులకు ఎంతటి క్షోభ కలిగించినదో బిడ్డల చదువుకై తిరిగిన వారెవరైనా ఊహించగలరు.

1924లో బిగ్ పైన్ గ్రామంలో ఆలిస్ పైపర్ అను పాయూట్ తెగ బాలిక, తోటి బాలలతో కలిసి అదే న్యాయస్థానాన్ని ఆశ్రయించినది. చెంతనే కేంద్ర ప్రభుత్వపు ఇండియన్ బడి ఉన్నదని స్థానిక విద్యాధికారుల సమాధానం. ఆ సాకు చెల్లదని, రాష్ట్రపు బడిలో చదువుకొనుట ఆమె హక్కని న్యాయమూర్తులు తీర్మానించిరి. అయితే వేరు బడుల చట్టాన్ని మాత్రం వారు రద్దు చేయలేదు. దానిని 1947లో శాసనసభయే తొలగించినది. మరుసటి ఏడే ఆ సుప్రీంకోర్టు భిన్నజాతుల వివాహాలపై నిషేధాన్ని నలుగురు ఒకవైపు, ముగ్గురు మరొకవైపు నిలిచిన తీర్పుతో కొట్టివేసినది.

బిగ్ పైన్ బడిలో 2014లో ఆలిస్ విగ్రహాన్ని నెలకొల్పిరి.