క్రిస్మసు పళ్లెములో కజ్జికాయ

డిసెంబరు చివరి వారమున నూజివీడు సీమ మామిడితోపులు పూతకు సిద్ధమగుచుండును. ఆ తోపుల నడుమనున్న రెడ్డిగూడెము వంటి గ్రామములలో అదే దినములందు కాగితపు నక్షత్రము వ్రేలాడు ప్రతి యింటినుండియు నూనెమూకుడు వాసన వచ్చుచుండును. అరిసెలు, జంతికలు, కజ్జికాయలు వండుదురు. ఇదే పండుగకు మధ్య ఐరోపా గృహిణులు గోధుమపిండిని పులియబెట్టి, పలుచగా పరచి, గసగసాల ముద్దనో అక్రోటుపప్పు పొడినో నింపి, చాపవలె చుట్టి, బట్టీలో కాల్చుదురు. బోధకులు ఆ ఖండమునుండియు అమెరికానుండియు వచ్చిరి గదా, ఆ తీపిరొట్టె మనకేల రాలేదు?

ఐరోపాలో సయితము ఆ రొట్టె తేలికగా తీపెక్కినది కాదు. క్రిస్మసుకు ముందటి దినములు ఉపవాస దినములు. వెన్న నిషిద్ధము. జర్మనీలోని సాక్సనీ ప్రభువులు పోపునకు విన్నపములు పంపుకొనగా, 1491లో ఎనిమిదవ ఇన్నొసెంటు పోపు వెన్న వాడుకొనుటకు అనుమతి పత్రమిచ్చెను. డ్రెస్డెను నగరపు స్టోలెను అను క్రిస్మసు రొట్టె మెత్తబడినది ఆ పిమ్మటనే.

ఇక మన దేశము. చర్చి మిషనరీ సొసైటీ పక్షమున రాబర్టు నోబులు, హెన్రీ ఫాక్సు 1841లో మచిలీపట్టణము చేరిరి. మరుసటి సంవత్సరము గుంటూరునకు వచ్చిన హేయరు దొర జర్మనీలో పుట్టినవాడే. 1859లో కృష్ణా మండలపు రాఘవాపురమునుండి పాగోలు వెంకయ్య అను మాల పెద్ద బెజవాడలోని డార్లింగు దొరను కలిసికొని, బాప్తిస్మము పొందెను. వీరు తెచ్చినవి బడి, అచ్చుపుస్తకము, కీర్తన. రొట్టెకు కావలసిన సామగ్రి మాత్రము పల్లె చేరలేదు.

మొదటిది గోధుమ. కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తియైన పిమ్మట డెల్టా వరిమయమైనది. నూజివీడు మెట్టసీమకు జొన్నలే ఆధారము. రెండవది బట్టీ. మన పొయ్యి అడుగునుండి కాచును; రొట్టెకు నలువైపుల వేడి వలయును. దొరల వంటవారు గిన్నెలో గిన్నె పెట్టి, మూతపై నిప్పులు పోసి ఆ కొరత తీర్చుకొనిరి గాని, ఆ బొగ్గుల వ్యయము కూలివాని యింటికి తగినది కాదు.

మూడవది పులుపు. ఇది చిత్రమైన సంగతి. ఏ మందు కొనకయే పిండిని పొంగించు ద్రవ్యము మన తాటిచెట్టుపైననే యున్నది. ఉదయమున దించిన కల్లు మధ్యాహ్నమునకే నురుగు గట్టును. అందలి సూక్ష్మజీవి చక్కెరను భక్షించి బొగ్గుపులుసు గాలిని విడుచును. ఆ గాలియే పిండిలో చిక్కుకొని దానిని ఉబ్బించును. గోవాలోని రొట్టెల వారు తరతరములు కల్లుతోనే పిండి పులియబెట్టిరి. తెల్లిచెర్రిలో 1883లో మాంబళ్లి బాపు అను బేకరీ యజమాని బ్రౌను దొర కోరికపై క్రిస్మసు కేకు చేసినప్పుడు, విదేశపు సారాకు మారుగా స్థానికమగు పులిసిన రసమునే వాడెనని అచ్చటి కథనము. కాని మన పల్లెలలో బోధకుడు మొదట మానుమన్నది కల్లునే! మానిన కుండను పండుగ పేరిట మరల యింటికి తెచ్చుట యెట్లు? 1948 అక్టోబరు 2 నాటికి మద్యనిషేధము చెన్నరాష్ట్రమంతటను అమలులోనికి వచ్చినది. (ఆ నిషేధపు తగవులోనే 1954లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము కూలినది.)

ఈ మూడు కొరతలతోనే సమాధానము ముగిసినదని నేననుకొనను. కల్లురొట్టె నాలుగు వందల యేండ్లుగా వేరూనిన గోవాను చూడుడు. అచ్చట క్రిస్మసు పళ్లెమును కుస్వారు అందురు. అందు ముఖ్యమైనది నేవ్రి. కొబ్బరియో నువ్వులో నింపి, అర్ధచంద్రముగ మడిచి, వేయించినది. అనగా మన కజ్జికాయయే. బట్టీ యుండియు, రొట్టెవాడు వాకిటికి వచ్చుచుండియు, వారు దానినే నిలుపుకొనిరి.

కారణము నిలువయని నా అభిప్రాయము. పులిసిన రొట్టె మరునాటికి బిరుసెక్కును. అందలి పిండిపదార్థము చల్లారిన కొలది తిరిగి గట్టిపడును. కజ్జికాయ లోపల వేయించిన నువ్వులు, ఎండుకొబ్బరి, పుట్నాలపొడి, బెల్లము, తడి లేదు. డబ్బాలో పెట్టిన రెండు వారములు చెడదు. పండుగ వంట ఇంటివారికే ఐనచో రెండు దినముల రొట్టె చాలును. అది బంధువుల యూరికి సంచిలో పోవలెను, పొరుగింటికి పళ్లెములో పోవలెను.

ఆ పళ్లెము పోయిన దారి సుగమమైనది కాదు. తొలినాటి క్రైస్తవులలో అత్యధికులు ఊరి వెలుపలి పేటల మాలమాదిగలు. వారి చేతి వంటను ఊరిలోని వారు ముట్టెడివారు కారు. అంటరానితనమును 1950 నాటి రాజ్యాంగపు 17వ అధికరణము రద్దు చేసినది గాని, అధికరణము అమలైనంత మాత్రమున కజ్జికాయ వీధి దాటలేదు. దాటినచోట అది తెలిసిన రుచి కావుట తోడ్పడినదనవచ్చును. క్రిస్మసు వెళ్లిన ఇరువది దినములకే సంక్రాంతి. వెళ్లిన పళ్లెములోనే అరిసెలు తిరిగి వచ్చుటకు వీలు. దాటని చోట్లు నేటికిని కలవు. దానిని మతసామరస్యపు మాటలతో కప్పిపుచ్చరాదు.

నేడు మైదా, పొడి ఈస్టు చిన్న యూళ్లలోను దొరకుచున్నవి. ‘బెంగుళూరు అయ్యంగారు బేకరీ’ అను బోర్డు లేని పట్టణము అరుదు. అందలి కొబ్బరి బన్ను, దిల్‌పసందు ఆ ఐరోపా రొట్టెకు దూరపు చుట్టములే. ఇంట చేయదలచిన శ్రోతలకు ఒక్క మాట. లోపలి కొబ్బరి బెల్లమును ముద్ద గిన్నెను విడుచువరకు ఉడికించి పూర్తిగా చల్లార్చవలెను. తడియైన నింపుడు అడుగును పచ్చిగా మిగుల్చును. వేడి నింపుడు ఈస్టును చంపును. పిండిలో చక్కెర అధికమైన అది సరిగా పొంగదు. తీపిని లోపలికే విడువుడు. డిసెంబరు చలిలో పిండి రెట్టింపగుటకు వేసవికంటె చాలసేపు పట్టును. మామిడికాయ ఆ ఋతువున ఉండదు గాని వేసవిలో ఎండబెట్టిన తాండ్ర ఉండును. దానిని సన్నగా తరిగి కొబ్బరితో కలిపి చుట్టినచో, నూజివీడు సీమకు తగిన చుట్టరొట్టె యగును.