అనంతపురం వాడుకలో బస్సు మాటలు, ఆఫీసు మాటలు

అనంతపురం జిల్లా పల్లెల్లో ఆర్టీసీ బస్సు చుట్టూ, కంప్యూటరెక్కిన సర్కారు పనుల చుట్టూ అల్లుకున్న పొట్టి మాటలివి. పేర్లు ఎక్కువగా ఇంగ్లిషువి, క్రియలు అచ్చంగా తెలుగువి.

ముందు బస్సు మాటలు. కండక్టరు ‘హోల్డాన్’ అంటే ఆపమని, ‘రైట్ రైట్’ అంటే పోనిమ్మని. రాత్రి ఊళ్లోనే ఆగి తెల్లవారుజామున బయలుదేరేది ‘నైటాల్టు’ బస్సు. టికెట్లు కొట్టే మిషను ‘టిమ్ము’. చిల్లర లేకపోతే టికెట్ వెనక రాసిచ్చిన అంకె చూపి, దిగేటప్పుడు ప్రయాణికులు బాకీ వసూలు చేసుకుంటారు. కండక్టరు ‘యాడికి?’ అని అడిగితే ‘యాడికే’ అని జవాబు రావచ్చు. ‘యాడికి’ అంటే సీమలో ‘ఎక్కడికి’ అని. తాడిపత్రి వైపు ఉన్న ఒక మండల కేంద్రం పేరూ అదే.

ఆఫీసు మాటల్లో కొన్నిటికి అర్థమే మారింది. నకలు ఏ కంపెనీ మిషన్లో తీసినా ‘జిరాక్స్’. ‘సచివాలయం’ అంటే ఒకప్పుడు మంత్రులుండే చోటు. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాక అది ఊళ్లోని ఆఫీసు. భూమి హక్కుల పత్రం ‘వన్‌బీ’. సాగు వివరాల లెక్క మాత్రం మద్రాసు కాలం నాటి ‘అడంగల్’ పేరుతోనే ఆన్‌లైన్‌కెక్కింది. తెలంగాణలో దాన్నే పహాణీ అంటారు.

అన్నిటికన్నా బరువైన మాట ‘పడు’. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న ఈ జిల్లాలోని బండ్లపల్లిలోనే మొదలైంది. ఆ పథకం పనికి హాజరు నమోదైతే ‘మస్టరు పడింది’ అంటారు. కూలి బ్యాంకులో జమైతే ‘దుడ్లు పడినాయి’. వేలిముద్రను మిషను గుర్తించకపోతే ‘తంబు పడలేదు’. మట్టి పనితో గీతలు అరిగిన చేతులకు ఇది తరచూ ఎదురయ్యే కష్టం. వేరుశనగ ఎండిన ఏడు ‘ఇన్సూరెన్సు పడిందా?’ అని ఒకరినొకరు అడుగుతారు. వానకూ ఇక్కడ వాడేది ఆ క్రియే. అదునులో వాన పడకపోతే, మిగతావన్నీ పడ్డాయో లేదో తెలుసుకోవడానికి రైతు ఆఫీసుల చుట్టూ తిరగాలి.

అలా వచ్చిన మనిషికి ‘సర్వర్ డౌన్’ అనే రెండు మాటలు వినిపిస్తే, ఆ రోజు కూలీ, రానూపోనూ చార్జీలూ పోయినట్టే.