బకాయి జీతానికి దావా: బీహార్ రాష్ట్రం వర్సెస్ అబ్దుల్ మజీద్ (1954)

బీహార్‌లో పోలీసు సబ్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసిన అబ్దుల్ మజీద్ బకాయి జీతం కోసం ప్రభుత్వం మీద వేసిన దావాలో సుప్రీంకోర్టు 1954లో ఇచ్చిన తీర్పు ఇది. చివరికి ఆయనకు దక్కిన డిక్రీ మూడు వేల రూపాయల పైచిలుకే. అయితే ప్రభుత్వోద్యోగి తన జీతాన్ని హక్కుగా కోర్టుకెక్కి రాబట్టుకోవచ్చని తేల్చింది ఈ చిన్న మొత్తమే.

మజీద్‌ను నియమించింది ఐజీ. 1940లో బర్తరఫ్ చేసింది డీఐజీ. విధి నిర్వహణలో పిరికితనం చూపాడన్నది అభియోగం. అందులో నిజానిజాల కంటే, తొలగించే అధికారం ఎవరిదన్నదే కేసుకు ఆయువుపట్టు అయింది. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం 240వ సెక్షన్ ప్రకారం, నియమించిన అధికారికంటే కింది స్థాయివారు ఉద్యోగిని తొలగించకూడదు. కాబట్టి డీఐజీ ఉత్తర్వు చెల్లదు. అది చెల్లదంటే మజీద్ ఉద్యోగంలో కొనసాగుతున్నట్టే. మరి అన్నాళ్ల జీతం సంగతి? ఇవ్వాల్సిందేనని పాట్నా హైకోర్టు అంది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు అప్పీలు చేసింది.

ప్రభుత్వం వైపు వాదన అల్లాటప్పాది కాదు. సర్కారు కొలువు రాజు ఇష్టం ఉన్నంతకాలమే, జీతం రాజు దయతో ఇచ్చేదే, దానికోసం దావా వేసే వీలులేదు అన్నది ఇంగ్లండులో పాతుకుపోయిన సూత్రం. లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ 1948లో ఐసీఎస్ అధికారి ఐ.ఎం. లాల్ కేసులో దాన్నే పాటించింది. లాల్ తొలగింపు చెల్లదని ప్రకటిస్తూనే, బకాయి జీతం మాత్రం ఇప్పించలేమంది. అందుకు ఆధారంగా తీసుకున్నది మల్వెన్నా కేసు అనే 1926 నాటి స్కాట్లాండు తీర్పు.

ప్రధాన న్యాయమూర్తి మెహర్ చంద్ మహాజన్ రాసిన తీర్పు ఆ ఆధారాన్నే ప్రశ్నించింది. మల్వెన్నా కేసులో వివాదం ప్రభుత్వోద్యోగి జీతాన్ని అప్పులవాళ్లు జప్తు చేయించవచ్చా అన్నది. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రభుత్వోద్యోగి జీతంలో కొంత భాగాన్ని జప్తు చేయనిస్తుంది. అప్పిచ్చినవాడు కోర్టు ద్వారా పట్టుకోగలిగిన జీతాన్ని, దాన్ని సంపాదించినవాడు అడగకూడదనడం ఎలా కుదురుతుంది? తీర్పు మొత్తంలో తిరుగులేని వాదన ఇదే. ఇంగ్లండులో రాజుకు మహజరు పెట్టుకుని పొందగలిగిన ఊరటను ఇక్కడ మామూలు దావాతోనే పొందవచ్చని కూడా కోర్టు గుర్తుచేసింది. జీతం చేసిన సేవకు ప్రతిఫలమే తప్ప అనుగ్రహం కాదని చెబుతూ ప్రభుత్వ అప్పీలును కొట్టేసింది.

మజీద్‌ను కాపాడిన 240వ సెక్షన్‌లోని ఆ రక్షణ అప్పటికే రాజ్యాంగంలో 311వ అధికరణంగా చేరింది. 'ఇష్టం ఉన్నంతకాలం' అన్న పాత సూత్రం కూడా 310లో మిగిలే ఉంది. కానీ జీతం ఎగ్గొట్టడానికి ఆ సూత్రాన్ని అడ్డం పెట్టుకునే దారి 1954లోనే మూసుకుపోయింది.

జీతం హక్కా, దయా అన్న తగువు తెలుగునాట మళ్లీ పైకొచ్చింది కరోనా కాలంలో. 2020 మార్చి నెలాఖరున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆదాయం పడిపోయిందంటూ ఉద్యోగుల జీతాల్లోనూ పింఛన్లలోనూ కొంత భాగాన్ని వాయిదా వేసింది. విశ్రాంత జిల్లా జడ్జి ఒకరు ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. ఆపిన మొత్తాన్ని 12 శాతం వడ్డీతో చెల్లించాలని హైకోర్టు అదే ఏడాది ఆగస్టులో ఆదేశించింది. ప్రభుత్వం వడ్డీ మీద మాత్రమే సుప్రీంకోర్టుకు వెళ్లింది. న్యాయమూర్తులు డి.వై. చంద్రచూడ్, ఎం.ఆర్. షా 2021 ఫిబ్రవరి 8న వడ్డీని 6 శాతానికి తగ్గించారు గాని, పూర్తిగా ఎత్తేయడానికి ఒప్పుకోలేదు. చేసిన పనికి జీతం ఉద్యోగుల హక్కని, దాన్ని ఆలస్యం చేసిన ప్రభుత్వం వడ్డీ కట్టక తప్పదని చెప్పి, అందుకు 30 రోజుల గడువు ఇచ్చారు.