ఫౌండ్ ఫుటేజ్ భయానక చిత్రాలు: భయోత్పాదన పద్ధతుల చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

పాత్రలే స్వయంగా చిత్రీకరించగా, వారు మరణించిన తరువాతనో అదృశ్యమైన తరువాతనో దొరికిన దృశ్యాలుగా కథను ప్రదర్శించే చలనచిత్రాలను ‘ఫౌండ్ ఫుటేజ్’ చిత్రాలని వ్యవహరిస్తున్నారు. ఈ ప్రక్రియ ప్రేక్షకునిలో భయాన్ని కలిగించే తీరును 1980 నుండి 2020 వరకు వచ్చిన కొన్ని ప్రధాన చిత్రాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. ‘ఇది నిజంగా జరిగింది’ అన్న నమ్మకమే ఈ చిత్రాల భయానికి మూలమన్న అభిప్రాయం వ్యాప్తిలో ఉంది. ఆ నమ్మకం తొలగిన తరువాత కూడా భయం నిలిచి ఉండటాన్ని బట్టి, చూపుకు విధించిన పరిమితియే ప్రధాన కారణమని, నమ్మకం దానికి తోడైన చారిత్రక సందర్భమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఫౌండ్ ఫుటేజ్, భయానక రసం, విభావం, సాధారణీకరణం, ప్రామాణికత, కెమెరా.

1. ఉపోద్ఘాతం

భరతుని నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో భయానక రసానికి విభావాలు చెప్పబడ్డాయి. వికృత ధ్వనులు, భూతాదుల దర్శనం, నక్కల వలన, గుడ్లగూబల వలన కలిగే త్రాసం, శూన్యగృహ ప్రవేశం, అరణ్య గమనం వాటిలో ముఖ్యమైనవి. 1999లో అమెరికాలో విడుదలైన ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ చిత్రాన్ని ఈ పట్టికతో పోల్చి చూస్తే ఒక విశేషం కనిపిస్తుంది. అందులో అరణ్యం ఉంది, రాత్రివేళ వికృత ధ్వనులు ఉన్నాయి, చివర పాడుబడిన ఇల్లు ఉంది. భూతదర్శనం మాత్రం లేదు. పేరులో ఉన్న మంత్రగత్తె చిత్రంలో ఒక్కసారి కూడా కనిపించదు. ప్రధానమని భావించదగిన విభావమే లోపించిన చిత్రం అంతటి భయాన్ని ఎలా కలిగించగలిగింది? ఫౌండ్ ఫుటేజ్ ప్రక్రియ చరిత్ర అంతా ఒక విధంగా ఈ ప్రశ్నకు సమాధానమే.

2. పూర్వరూపాలు: దొరికిన వ్రాతప్రతి నుండి రేడియో వరకు

‘దొరికిన ఆధారం’ అన్న కల్పన చలనచిత్రం కంటే చాలా పాతది. హొరేస్ వాల్పోల్ 1764లో ప్రచురించిన ‘ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’ నవల, నేపుల్స్‌లో 1529లో అచ్చయిన ఒక ఇటాలియన్ గ్రంథానికి అనువాదమన్న ముఖంతో వెలువడింది. మరుసటి ముద్రణలో గాని అది తన రచనయేనని ఆయన ఒప్పుకోలేదు. బ్రామ్ స్టోకర్ రచించిన ‘డ్రాకులా’ (1897) దినచర్యలు, ఉత్తరాలు, తంతివార్తలు, ఫోనోగ్రాఫ్ నమోదుల కూర్పుగా సాగుతుంది. ఈ రెండింటిలోను కథకుడు తెర వెనుకకు తప్పుకొని పత్రాలనే మాట్లాడనిస్తాడు. అద్భుతాన్ని నమ్మించవలసిన భారం రచయిత నుండి పత్రానికి మారుతుంది.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ పద్ధతి ప్రసార మాధ్యమాలకు సంక్రమించింది. 1938 అక్టోబర్ 30న ఆర్సన్ వెల్స్ బృందం సి.బి.ఎస్. రేడియోలో ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ను వార్తా ప్రకటనల రూపంలో ప్రసారం చేసింది. దేశమంతా భయంతో వీధుల్లోకి పరుగెత్తిందన్న ప్రచారాన్ని ఆనాటి పత్రికలు పెంచి చూపాయని తరువాతి చరిత్రకారులు నిరూపించారు. 1992 అక్టోబర్ 31 రాత్రి బి.బి.సి. ప్రసారం చేసిన ‘ఘోస్ట్‌వాచ్’ నాటకం ప్రత్యక్ష ప్రసారపు వేషం ధరించింది. ప్రజలకు సుపరిచితుడైన వ్యాఖ్యాత మైకేల్ పార్కిన్సన్ తానుగానే అందులో కనిపించాడు. దానిపై పెద్దయెత్తున ఫిర్యాదులు వచ్చాయి. ఈ రెండు సందర్భాలను కలిపి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది: ప్రేక్షకుడు నమ్మేది కథను కాదు, కథ ధరించిన రూపాన్ని. వార్తా స్వరాన్ని, పరిచిత ముఖాన్ని నమ్మే అలవాటు ముందే ఉంది. కల్పన ఆ అలవాటును ఆశ్రయించింది.

3. సాక్ష్యంగా మారిన చిత్రం: కానిబాల్ హోలోకాస్ట్

ఇటలీ దర్శకుడు రుజ్జెరో డియోడాటో 1980లో విడుదల చేసిన ‘కానిబాల్ హోలోకాస్ట్’ ఈ ప్రక్రియకు తొలి ప్రసిద్ధ ఉదాహరణ. అమెజాన్ అడవిలో అదృశ్యమైన డాక్యుమెంటరీ బృందాన్ని వెదుకుతూ వెళ్లిన ఒక మానవశాస్త్రవేత్త వారి ఫిల్ము డబ్బాలను తెస్తాడు. న్యూయార్క్‌లో ఆ ఫిల్మును చూస్తున్నకొద్దీ ఆ బృందం సాగించిన క్రౌర్యం బయటపడుతుంది.

విడుదలైన కొద్ది రోజులకే ఇటలీ అధికారులు చిత్రాన్ని స్వాధీనం చేసుకున్నారు. తెరపై చూపిన నరహత్యలు నిజమేనన్న అనుమానం దర్శకుని మీద పడింది. నటీనటులు కొంతకాలం ప్రచార మాధ్యమాలకు దూరంగా ఉండాలని ముందే ఒప్పందం చేసుకొని ఉండటం ఆ అనుమానాన్ని బలపరచింది. చివరకు వారు సజీవంగా ఉన్నారని చూపి, గుంజకు గుచ్చబడిన యువతి దృశ్యాన్ని సైకిల్ సీటు ఆధారంగా ఎలా చిత్రీకరించారో వివరించి, దర్శకుడు హత్యారోపణ నుండి బయటపడ్డాడు. చిత్రంలో జంతువులను నిజంగానే చంపడం మాత్రం తీరని కళంకంగా మిగిలింది. నిజమైన మరణాన్ని కల్పిత మరణం పక్కన నిలిపినందువల్ల రెండవదానికి మొదటిదాని ప్రామాణికత అంటింది. ఇక్కడ కలిగింది కళాజన్యమైన భయమా, నేరదృశ్యాన్ని చూసిన దిగ్భ్రాంతియా అన్న ప్రశ్నకు న్యాయస్థానం సైతం సమాధానం వెదకవలసి వచ్చింది.

4. బ్లెయిర్ విచ్: అదృశ్యమే ఆకృతి

డేనియల్ మిరిక్, ఎడువార్డో సాంచెజ్ దర్శకత్వం వహించిన ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ చిత్రీకరణ 1997 అక్టోబర్‌లో మేరీలాండ్ రాష్ట్రపు అడవుల్లో సుమారు ఎనిమిది రోజులలో జరిగింది. హెదర్ డోనహ్యూ, జాషువా లెనార్డ్, మైకేల్ విలియమ్స్ తమ సొంత పేర్లతోనే నటించారు. ఒక వీడియో కెమెరాను, ఒక 16 మి.మీ. ఫిల్ము కెమెరాను వారే మోశారు. సంభాషణలు చాలావరకు ఆశువుగా పలికినవే. ఏ రోజుకారోజు సూచనలు చీటీల రూపంలో అందేవి. రోజులు గడిచేకొద్దీ ఆహారం తగ్గించబడింది. తెరపై కనిపించే అలసటలో కొంత నటన కాదు.

1999 జనవరిలో సండాన్స్ చిత్రోత్సవంలో ప్రదర్శించాక ఆర్టిజన్ సంస్థ హక్కులు కొన్నది. 1994లో ముగ్గురు విద్యార్థులు అదృశ్యమయ్యారని, ఏడాది తరువాత వారి ఫిల్ము దొరికిందని చిత్రారంభంలోని ప్రకటన చెబుతుంది. వెబ్‌సైటు, ‘కనబడుటలేదు’ అన్న ప్రకటన పత్రాలు, టెలివిజన్‌లో ప్రసారమైన అనుబంధ డాక్యుమెంటరీ ఈ కల్పనను థియేటరు బయటికి విస్తరింపజేశాయి. అంతర్జాలం సామాన్యులకు కొత్తగా పరిచయమవుతున్న కాలమది. అందులో కనిపించినదానిని శంకించే అలవాటు ఇంకా స్థిరపడలేదు. స్వల్ప వ్యయంతో తీసిన ఈ చిత్రం ప్రపంచవ్యాప్తంగా దాదాపు 24 కోట్ల 80 లక్షల డాలర్లు వసూలు చేసింది.

5. భయోత్పాదన సాధనాలు

ప్రచారం ప్రేక్షకుని థియేటరు వరకు తీసుకురాగలదు. లోపల గంటకు పైగా భయపెట్టవలసింది చిత్రమే. ఈ చిత్రంలో పనిచేసిన సాధనాలను నాలుగుగా గుర్తించవచ్చు.

మొదటిది చట్రం వెలుపలి ప్రదేశం. భయానక వస్తువును దాచడం కొత్త కాదు. 1942 నాటి ‘క్యాట్ పీపుల్’లో జాక్ టర్నర్ నీడలతోనే ఆ పని చేశాడు. అయితే సాధారణ చిత్రంలో దర్శకుడు చూపగలిగి ఉండి దాస్తాడు. ఫౌండ్ ఫుటేజ్‌లో కెమెరా పట్టిన మనిషికే కనిపించదు. దాచడం ఇక్కడ శిల్పంగా కాక శారీరక నిస్సహాయతగా అనుభవానికి వస్తుంది.

రెండవది కెమెరా పట్టిన శరీరం. పాత్ర పరుగెత్తితే దృశ్యం కుదుపుకు లోనవుతుంది. పాత్ర ఊపిరి మైకులో వినిపిస్తుంది. ప్రేక్షకుడు పాత్రను చూడటం లేదు, పాత్ర కన్నుతో చూస్తున్నాడు. తల తిప్పి వెనుకకు చూడాలనిపించినా తిప్పవలసిన తల అతనిది కాదు.

మూడవది ముందే తెలిసిన ముగింపు. ఫిల్ము మాత్రమే దొరికిందంటే మనుషులు దొరకలేదని అర్థం. అందువల్ల ‘బయటపడతారా’ అన్న ఉత్కంఠ స్థానంలో ‘ఎప్పుడు, ఎలా’ అన్న ఎదురుచూపు నిలుస్తుంది. పాత్రలు నవ్వుకుంటున్న తొలి సన్నివేశాల మీద కూడా ఈ ఎరుక నీడగా పరచుకుంటుంది.

నాలుగవది వినికిడి. చివరి సన్నివేశంలో మైకేల్ గోడ మూలకు ముఖం పెట్టి నిలబడి ఉంటాడు. కెమెరా నేల మీద పడుతుంది. ఆ దృశ్యంలో రక్తం లేదు, ఆకారం లేదు. పిల్లలను చంపిన ఒక హంతకుడు ఒకరిని చంపుతున్నప్పుడు మరొకరిని మూలకు తిప్పి నిలబెట్టేవాడని ఊరివారు చిత్రారంభంలో చెప్పిన మాట గుర్తున్నవారికే అది భయంకరం. చెవితో విన్న కథను కన్ను పూరించుకుంటుంది. పల్లెల్లో పెద్దలు చెప్పే దయ్యాల కథలు పనిచేసే తీరూ ఇదే.

6. నమ్మకం పోయిన తరువాత

బ్లెయిర్ విచ్ కల్పన అని 1999లోనే అందరికీ తెలిసిపోయింది. నమ్మకమే భయానికి మూలమైతే ఈ ప్రక్రియ అక్కడితో ముగిసి ఉండాలి. అలా జరగలేదు. ఓరెన్ పెలీ సుమారు 15 వేల డాలర్లతో, శాన్ డియేగోలోని తన ఇంట్లోనే చిత్రీకరించిన ‘పారానార్మల్ యాక్టివిటీ’ 2007లో తొలిసారి ప్రదర్శితమై 2009లో విస్తృతంగా విడుదలైంది. ఇందులో కీలకమైన రాత్రి సన్నివేశాలలో కెమెరా కదలదు. పడకగదిలో స్టాండు మీద నిలిచి ఉంటుంది. మూలన గడియారపు అంకెలు వేగంగా మారి, ఒకచోట మామూలు వేగానికి వస్తాయి. ఆ క్షణం నుండి ప్రేక్షకుని కన్ను తలుపును, దుప్పటిని, నీడను గాలిస్తుంది. తలుపు అంగుళం కదిలితే చాలు. బ్లెయిర్ విచ్‌లో కెమెరా చూడలేకపోవడం భయహేతువైతే, ఇక్కడ నిద్రించేవారు చూడనిదానిని కెమెరా చూడటం భయహేతువు. పరిమితి రూపం మారింది, పోలేదు.

స్పెయిన్ చిత్రం ‘రెక్’ (2007) బార్సిలోనాలోని ఒక భవనంలో నిర్బంధితులైన టెలివిజన్ బృందాన్ని చూపింది. చివరి చీకటి గదిలో కెమెరా రాత్రిదృష్టి ఒక్కటే ఆధారం. లాక్‌డౌన్ కాలంలో రాబ్ సావేజ్ తీసిన ‘హోస్ట్’ (2020) మొత్తం జూమ్ సమావేశపు తెరపైనే నడుస్తుంది. మిత్రులు ఒకరినొకరు చూడగలరు, చేరలేరు. ఏ ఇంటికి ఆ ఇల్లే బందీగా ఉన్న రోజుల్లో ఆ పరిమితి ప్రేక్షకుని దైనందిన అనుభవం కూడా.

7. సాధారణీకరణం, నైతికత

అభినవగుప్తుడు రసాస్వాదానికి విఘ్నాలను పేర్కొంటూ, భావాన్ని ‘ఇది నాది’ అనో ‘ఇది ఫలానావానిది’ అనో దేశకాలాలకు కట్టివేయడాన్ని అందులో చేర్చాడు. శాకుంతలంలో బాణానికి వెరచి పరుగెత్తే లేడి ఆయనకు భయానక రసానికి ఉదాహరణ. ఆ భయం ఆ లేడిది మాత్రమే కాకపోవడం వల్లనే అది ఆస్వాద్యమవుతుంది. ఫౌండ్ ఫుటేజ్ తొలిదశ సరిగ్గా దీనికి విరుద్ధంగా నడిచింది: ఫలానా తేదీన, ఫలానా ఊరిలో, ఫలానా పేరుగలవారికి జరిగిందని చాటింది. దానిని నమ్మినవారికి కలిగినది లౌకిక భయం. కల్పన అని తెలిసి చూసినవారికి కలిగినదే రసానుభవానికి దగ్గరిది. ఈ దృష్టితో చూస్తే నమ్మకం తొలగడం ఈ ప్రక్రియకు నష్టం కాలేదు, పరిణతికి మార్గమైంది.

ఆ తొలిదశ మూల్యాన్ని చెల్లించినది నటీనటులు. సొంత పేర్లనే పాత్రలకు ఇచ్చిన ముగ్గురు, చిత్రం విజయవంతమైన వేళ మరణించినవారుగా ప్రచారం పొందవలసి వచ్చింది. హెదర్ తల్లికి సానుభూతి ఉత్తరాలు వచ్చాయి. కథాస్థలమైన బర్కిట్స్‌విల్ గ్రామపు పేరు పలకలు దొంగిలించబడ్డాయి. హెదర్ తరువాతి కాలంలో తన పేరును రే హాన్స్‌గా మార్చుకున్నారు. 2024లో ఆ ముగ్గురూ తమ పనికి న్యాయమైన ప్రతిఫలం చెల్లించాలని, తమ పేర్లు, రూపాలు వాడే సందర్భాలలో తమను సంప్రదించాలని బహిరంగంగా కోరారు. పాత్రకు పేరు అరువిచ్చిన నటికి ఆ పేరు తిరిగి దక్కకపోవడం, తెరమీది ఏ దృశ్యం కన్నా ఆలోచింపదగిన విషయం.

8. ముగింపు

• ‘దొరికిన ఆధారం’ అన్న కల్పన నవల, రేడియో, టెలివిజన్‌ల మీదుగా చలనచిత్రానికి చేరింది. ప్రతి దశలోను అది ఆనాటి ప్రజలు శంకించని మాధ్యమ రూపాన్నే ఆశ్రయించింది.

• ఈ చిత్రాలలో భయం భూతదర్శనం వల్ల కాక, చూపుకు ఏర్పడిన శారీరక, యాంత్రిక పరిమితుల వల్ల పుడుతున్నది. నమ్మకం తొలగినా భయం నిలవడానికి కారణం ఇదే.

• నమ్మకాన్ని సాధనంగా వాడినప్పుడు దాని భారం తెర వెనుకనున్న మనుషుల జీవితాల మీద పడింది. ఈ ప్రక్రియను అధ్యయనం చేసేవారు దాని శిల్పంతోపాటు ఆ మూల్యాన్ని కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.